విశాఖ పోర్టులో సొంత లారీ తిప్పితే గిట్టుబాటవుతుందా?

ఇన్నాళ్లూ జీతానికి నడిపారు, ఇప్పుడు ఫైనాన్స్ మీద సెకండ్ హ్యాండ్ పన్నెండు టైర్ల లారీ తీసుకుని పోర్టు లోడ్లు కొట్టాలనుకుంటున్నారు, గిట్టుతుందా అని అడిగారు. నేను గాజువాకలో ఉంటాను. ఒక్క లారీతోనే చాలా ఏళ్లుగా నెట్టుకొస్తున్నాను. గిట్టుతుంది తమ్ముడూ. కానీ కిరాయిలోంచి డీజిల్, టోల్, బత్తా తీసేసి మిగిలిందంతా లాభం అని రాశారు చూడండి, ఆ లెక్కతో దిగొద్దు. బండి ఆగిపోయిన రోజులనూ, ఆలస్యంగా వచ్చే మిగతా కిరాయినీ (బ్యాలెన్స్) కూడా అందులో వేయండి.

పోర్టులో దిగే బొగ్గు, ఖనిజంలో చాలా సరుకు రైలు రేకుల్లో, అంటే గూడ్సు బళ్లలో పోతుంది. రేకులు దొరకనప్పుడో, సొంత రైలు పట్టా (సైడింగ్) లేని ఫ్యాక్టరీలకు సరుకు కావలసినప్పుడో మనకు గిరాకీ. రెండు మూడు ఓడల సరుకు ఒకేసారి దిగుతుంటే లోడ్లు ఇప్పించే బ్రోకరే ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. ఓడలు లేకపోతే మనమే ఆఫీసుల చుట్టూ తిరగాలి. కిస్తీ తేదీకి మాత్రం ఓడలతో పనిలేదు.

ఇక తరుగు సంగతి. కొత్తగా దిగినవాళ్లను ఎక్కువగా దెబ్బ కొట్టేది ఇదే. దుమ్ము లేవకుండా బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లుతారు. ఆ తడితోనే లోడ్ చేసి కాటా వేస్తారు. ఎండలో రెండు రోజులు పోయేసరికి నీరు కొంత కారిపోతుంది, కొంత ఆరిపోతుంది. ఫ్యాక్టరీ కాటా మీద ఆ మేరకు బరువు తగ్గుతుంది. తరుగు ఇంతవరకు ఫరవాలేదని సరుకు తాలూకు పార్టీ ముందే ఒక హద్దు పెడుతుంది, అది దాటితే సరుకు రేటు కట్టి మన కిరాయిలో కోస్తారు. ఒకసారి రాయ్‌పూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో నాకు అలాగే కోశారు. టార్పాలిన్ తాడు ముడి కూడా విప్పలేదు మొర్రో అన్నా వినలేదు. అప్పటి నుంచి లోడ్ ఒప్పుకునే ముందే తరుగు హద్దు ఎంతో అడిగి లోడింగ్ చీటీ మీద రాయించుకుంటున్నాను. తడి సరుకైతే బయట ఇంకో కాటా కూడా వేయిస్తాను. కాటా డబ్బులకు చూసుకోకండి.

బ్యాలెన్స్ మాత్రం, సరుకు అందినట్టు సంతకం పెట్టిన రసీదు తిరిగి ఆఫీసుకు చేరాకే ఇస్తారు. 'వచ్చే వారం' అంటే నెల అనుకోండి. అన్‌లోడింగ్ దగ్గర బండి ఆగితే హాల్టింగ్ (ఆగినందుకు ఇచ్చే డబ్బు) ఎన్నో రోజు నుంచి, రోజుకు ఎంత అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. తర్వాత అడిగితే నవ్వుతారు.

రాయ్‌పూర్ లైన్‌లో పోతే సాలూరు ఘాట్ ఎక్కాలి, బ్రేకులు బాగుండాలి. ఆంధ్రాలో కంటే ఒడిశాలో డీజిల్ చవక, కాబట్టి ఇక్కడ సరిహద్దు దాటేంతవరకే పోయించుకుని ఒడిశా వైపున్న సుంకి దాటాక ట్యాంకు నింపుకుంటాం. తిరుగు లోడ్‌గా ఇనుము, ఫెర్రో అల్లాయ్స్ దొరుకుతాయి. మంచి కిరాయి కోసం అక్కడే పడిగాపులు కాస్తారు కొందరు. నా మటుకు డీజిల్ ఖర్చు పోను కొంచెం మిగిలినా ఎత్తేసి వచ్చేస్తాను.

బండి కొనేముందు ఆర్‌సీలో బండీ సరుకూ కలిపి మొత్తం బరువు ఎంత రాసుందో చూడండి. పన్నెండు టైర్లదంటే నాలుగు యాక్సిళ్ల లారీ, దానికి 2018లో 31 టన్నుల నుంచి 35 టన్నులకు పెంచారు, పాత బండికి ఇంకా 31 అనే ఉండొచ్చు. కిరాయి టన్ను లెక్కన కాబట్టి ఆ తేడా ప్రతి ట్రిప్పులోనూ కనిపిస్తుంది. దాటించి ఎక్కించారా, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 20,000 జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. బరువు పెంచమని బతిమాలిన బ్రోకరు ఆ రోజు ఫోన్ ఎత్తడు. ఇంకో మాట, పది లారీలకు మించనివాళ్లు పాన్ ఇచ్చి డిక్లరేషన్ రాసిస్తే కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయకూడదు. ఆఫీసులో ఎవరూ చెప్పరు, మీరే అడగండి.

కంటైనర్ ట్రైలర్ మంచిదా అని కూడా అడిగారు. తరుగు గొడవ పెద్దగా ఉండదు. కానీ దిగుమతి కంటైనర్ అయితే, ఖాళీది యార్డుకు అప్పగించేదాకా ట్రిప్పు అయినట్టు కాదు. పైగా ఆ పనిలో పెద్ద కాంట్రాక్టులు ఉన్నవాళ్లదే పైచేయి. ఒక్క బండితో మొదలుపెడితే పన్నెండు టైర్లదే నయం.