ఇంగ్లండ్‌లో చూసిన ‘రాజ్ గ్రీన్’ బండలు హైదరాబాద్‌లో కొనాలంటే

లండన్‌లో మీ అక్కయ్యగారి పెరట్లో పరిచిన ‘రాజ్ గ్రీన్’ శాండ్‌స్టోన్ (ఇసుకరాయి) ఇక్కడ దొరుకుతుందా, షాపువాడు చూపించేది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది అని అడిగారు. నాలుగేళ్ల కిందట అల్వాల్‌లో మా ఇంటి ముందు ఇదే పని చేయించాను. ఒకసారి మోసపోయాను, ఇంకోసారి నా పొరపాటుతో నేనే పాడుచేసుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

వాళ్లకు అది ఓడలో దిగిన రాయి, మనకు రాజస్థాన్ నుంచి లారీలో వచ్చే రాయి. రాజ్ గ్రీన్, కాండ్లా గ్రే వంటివి ఎగుమతి వ్యాపారంలో వాడే పేర్లు. కాండ్లా గుజరాత్‌లోని ఓడరేవు, క్వారీ కాదు. రాజ్ గ్రీన్ కూడా పూర్తిగా పచ్చగా ఉండదు, ఆకుపచ్చ, గోధుమ, వంకాయ రంగులు కలగలిసి ఉంటాయి. ఈ పేర్లు చెబితే మన షాపుల్లో “ఉంది సార్” అని ఏదో ఒకటి తీసి చూపిస్తారు. ధోల్‌పూర్, జోధ్‌పూర్, మండానా అని ఊరి పేరుతో అడగండి. ఫోన్‌లో ఫోటో చూసి ఒప్పుకోవద్దు, ముక్కను పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి ఎండలో పెట్టి చూడండి.

నేను మోసపోయింది ఇక్కడే. ఊరి బయట ఒక గోడౌన్‌లో “ప్యూర్ రాజస్థాన్ శాండ్‌స్టోన్” అని నీలం, ఆకుపచ్చ కలిసిన బండ చూపిస్తే పదివేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. శాంపిల్ ఇంటికి తెస్తే మా మేస్త్రీ దాని మూల విరగ్గొట్టి, బాత్రూం ఆసిడ్ ఒక్క చుక్క వేశాడు. బుసబుసమని నురగ వచ్చింది. “ఇది సున్నపురాయి సార్, కోటా బండ” అన్నాడు. రాజస్థాన్ అన్నది నిజమే, శాండ్‌స్టోన్ అన్నదే అబద్ధం. కోటా రాయి మన తాండూరు, షాబాద్ బండలకు చుట్టం. చెడ్డ రాయేం కాదు, కానీ దాని ధర వేరు. అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు.

పరీక్ష ఎప్పుడూ అప్పుడే విరిచిన ముఖం మీద చేయండి, పైన పాలిష్‌గానీ కోటింగ్‌గానీ ఉంటే ఏదీ సరిగ్గా తెలియదు. ఆసిడ్‌కు నురగ రాకపోవడం మొదటి గుర్తు. కొన్ని శాండ్‌స్టోన్లలో రేణువుల మధ్య సున్నం ఉండి కాస్త పొంగుతుంది, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. కత్తి మొనతో గీయండి. సున్నపురాయి మీద తెల్ల గీత పడి పొడి రాలుతుంది. మంచి శాండ్‌స్టోన్‌లో ఉండేది క్వార్ట్జ్ ఇసుక, అది కత్తి ఉక్కు కంటే గట్టిది, కత్తే అరిగి వెండిరంగు గీత మిగులుతుంది. గీస్తుంటే ఇసుక జలజలా రాలిందా, అది శాండ్‌స్టోనే, కానీ కొనకండి. పక్క అంచున పొరల మధ్య వెంట్రుకంత చీలిక కనిపించినా వద్దు. సుత్తితో తడితే ఖంగుమనాలి.

ఈ రాయి మన ఎండకూ వానకూ ఆగుతుందా అనే అనుమానం నాకూ ఉండేది. 1213లో కట్టడం మొదలైన రామప్ప గుడి శాండ్‌స్టోన్‌దే అని మేస్త్రీ గుర్తు చేశాక నోరు మూసుకున్నాను.

ఇక రెండో తప్పు. బండలు పరిచాక సిమెంట్ మరకలు పోవాలని మా హెల్పర్ అదే ఆసిడ్‌తో కడుగుతుంటే నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. వారం తిరక్కుండా బూడిదరంగు బండల మీద తుప్పు మచ్చలు లేచాయి. రాయిలో ఉన్న ఇనుమును ఆసిడ్ కదిలించిందన్నమాట. ఎంత తోమినా పోలేదు, వాటి మీద ఇప్పుడు తులసికోట, పూలకుండీలు కూర్చున్నాయి. ఆసిడ్ పరీక్ష ముక్క వరకే. సిమెంట్ పడిన చోట అప్పటికప్పుడు తడి స్పాంజితో తుడిపించండి.

కొనేటప్పుడు లెక్క మీద పది శాతం ఎక్కువ తీసుకోండి. తర్వాత వచ్చే లాట్‌లో అదే రంగు దొరకదు. పరిచేటప్పుడు రెండు మూడు క్రేట్ల బండలు కలిపి వాడితే రంగు తేడా ఒకేచోట పోగుపడదు. బ్రిటన్‌కు ఎక్కువగా 22 మిల్లీమీటర్ల మందంలో వెళ్తుంది, అది నడిచే చోటుకు చాలు. కారు తిరిగే చోట నేనైతే గ్రానైట్ వేయిస్తాను. నాలుగు మూలలా, మధ్యలో ఒక్కో ముద్ద సిమెంట్ మాల్ పెట్టి బండ పడేస్తామంటే ఒప్పుకోకండి, కింద నీళ్లు నిలిచి పైన మరకలుగా తేలతాయి. అడుగంతా నిండుగా మాల్ ఉండాలి, గేటు వైపు వాటం ఉండాలి.

కటింగ్ మాత్రం నీళ్లు పోస్తూనే చేయించండి. ఆ దుమ్ము సిలికా, ఊపిరితిత్తులకు పట్టుకుంటే వదలదు. మా కటింగ్ కుర్రాడు మూతికి తువ్వాలు చుట్టుకుని మొదలుపెట్టాడు, నేను మెడికల్ షాపుకు వెళ్లి మంచి మాస్క్ తెచ్చి ఇచ్చాను.