కాకి రాళ్లేస్తే నీళ్లు పైకొచ్చాయి, మా పాప వేస్తే ఎందుకు రాలేదు?

ప్రశ్న క్లుప్తంగా: ఏడేళ్ల పాప దాహం వేసిన కాకి కథ చదివి, గ్లాసులో కొంచెం నీళ్లు పోసి గులకరాళ్లు వేసింది. గ్లాసంతా రాళ్లతో నిండింది గానీ నీళ్లు సగం దాటి పైకి రాలేదు. "కథ అబద్ధమా?" అని అడుగుతోంది. దీన్ని సైన్స్ ప్రాజెక్టుగా చేయించడం ఎలా?

ముందుగా ఒక మాట. పాప ప్రయోగం చెడిపోలేదు, ఆగిపోయిన ఆ నీళ్లలోనే అసలు సైన్సు ఉంది. దయచేసి "ఇంకొన్ని నీళ్లు పోసి చెయ్యి" అని మాత్రం చెప్పకండి. కుండలో మొదట కనీసం ఎన్ని నీళ్లుంటే కాకికి అందుతాయి? ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నడపండి.

కారణం ఇది. గుండ్రటి రాళ్లను ఎంత దగ్గరగా పేర్చినా వాటి మధ్య సందులు మిగులుతాయి. చిన్న పాత్రలో గోళీలు పోస్తే పాత్రలో దాదాపు 40 నుంచి 45 శాతం చోటు ఉత్త సందులే. మొదట ఉన్న నీళ్లు ఆ సందులు నింపడానికే చాలకపోతే రాళ్ల కుప్ప నీటి మట్టాన్ని దాటేస్తుంది. ఆ తర్వాత వేసే రాయి నీళ్లలో మునగదు. మునగని రాయి నీళ్లను నెట్టదు, కాబట్టి మట్టం ఒక్క గీత కూడా పెరగదు.

కావలసినవి: నిలువు గోడలున్న గుండ్రటి పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, లోపలి వెడల్పు 5 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. (దాదాపు 200 మి.లీ. పడుతుంది). 16 మి.మీ. గాజు గోళీలు 60. సూది లేని 10 మి.లీ. సిరంజి, స్కేలు, మార్కర్, పొడి గుడ్డ. గాజు గ్లాసు వద్దు, గోళీ పడితే అడుగు పగలొచ్చు. కింద వెడల్పు, పైన సన్నం ఉన్న పాత్ర కూడా మొదటిసారి వద్దు, ఒక్కో ఎత్తు దగ్గర ఒక్కోలా పెరిగి లెక్క తికమకవుతుంది. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే గోళీలు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి లోపల పెట్టండి. గొంతులో ఇరుక్కుంటాయి.

డబ్బా లోపలి అడుగు నుంచి పైకి ప్రతి సెంటీమీటరుకూ గీత గీయండి. మొదట 3 సెం.మీ. నీళ్లు పోయండి. గోళీలు వేసే ముందు పాప చేత అంచనా రాయించండి, ఇది మానొద్దు. ఒక్కో గోళీ పరిమాణం దాదాపు 2.1 మి.లీ. కాబట్టి మునిగిన ప్రతి గోళీకీ నీళ్లు సుమారు 1 మి.మీ. పెరుగుతాయి. ఒక్క గోళీతో తేడా కనిపించదు, అయిదేసి వేసి కొలవండి. డబ్బాను బల్ల మీదే ఉంచి, కన్ను నీటి మట్టానికి సమానంగా పెట్టి, అంచు దగ్గర పైకెక్కిన నీటిని కాకుండా మధ్యలో పల్లంగా ఉన్న చోటు చూడాలి.

ముప్పయ్యో గోళీ దాటాక దగ్గరగా చూడమనండి. పైవరుస గోళీల నెత్తి పొడిగా మెరుస్తూ ఉంటుంది, నీళ్లు వాటి నడుముల దగ్గర నిలబడి ఉంటాయి. ముప్పయి అయిదు ప్రాంతంలో మట్టం 6.5, 7 సెం.మీ. మధ్య ఆగిపోతుంది. ఆ క్షణాన పాప తనంతట తానే "ఇంక మునగట్లేదు" అనేదాకా ఓపిక పట్టండి. మీరు ముందే చెప్పేస్తే ప్రాజెక్టు మీదవుతుంది.

ఇదే 2 సెం.మీ.తో, 4 సెం.మీ.తో చేయించండి. 2తో మొదలుపెడితే 4.5 దగ్గర, 4తో అయితే 9 దగ్గర ఆగుతుంది. 5తో మొదలుపెడితే పొర్లిపోతుంది. మొదటి ఎత్తు అడ్డంగా, ఆగిన ఎత్తు నిలువుగా పెట్టి గళ్ల కాగితం మీద చుక్కలు పెడితే దాదాపు సరళరేఖ వస్తుంది. ఆ రేఖ 10 సెం.మీ.ని తాకే చోటే జవాబు, 4.5 చుట్టుపక్కల. మీ గోళీల పరిమాణాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. ఖాళీ డబ్బాను పొడి గోళీలతో అంచుదాకా నింపి, సిరంజితో లెక్కపెడుతూ నీళ్లు పోయండి. 80 నుంచి 90 మి.లీ. పడితే అదే సందుల చోటు. ఈ డబ్బాలో ఒక సెంటీమీటరు ఎత్తుకు దాదాపు 20 మి.లీ. పడుతుంది కాబట్టి అది 4 నుంచి 4.5 సెం.మీ. నీళ్లతో సమానం. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే పాపకు కలిగే నమ్మకం వేరు.

తప్పులు ఎక్కువగా తడి గోళీల వల్లే వస్తాయి. యాభై గోళీలు తుడవకుండా మళ్లీ వాడితే వాటికి అంటిన నీళ్లు కూడా డబ్బాలో చేరి లెక్క పెంచేస్తాయి. ప్రతిసారీ గుడ్డతో తుడిచి, నీళ్లు పారబోసి కొత్తగా కొలిచి పోయాలి. గోళీలకు అంటుకున్న గాలి బుడగలను పుల్లతో కదిపి వదిలించాలి. గులకరాళ్లయితే ముందురోజే కడిగి ఆరబెట్టండి. ఇటుక ముక్కలు, కుండ పెంకులు అసలు వద్దు, అవి నీళ్లు తాగేస్తాయి, మట్టం తగ్గినా ఆశ్చర్యం లేదు.

ఇంకా ఉత్సాహం ఉంటే 3 సెం.మీ. నీళ్లతోనే గోళీలు వేసి, ఆగిపోయాక పైనుంచి సన్నటి కంకర, ఆపైన ఇసుక పోయించండి. చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరి నీళ్లను మళ్లీ కదిలిస్తాయి. ఒకే సైజు రాళ్లకంటే కలగలిపిన రాళ్లు కాకికి ఎందుకు మేలో అక్కడ తేలిపోతుంది.

ఇక "కథ అబద్ధమా" అన్నదానికి: 2009లో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమెరీ అనే పరిశోధకులు రూక్ అనే కాకి జాతి పక్షుల ముందు సన్నటి గొట్టంలో నీళ్లు పోసి, అందనంత లోతులో పురుగును తేలనిచ్చారు. అవి రాళ్లు వేసి మట్టం పెంచి పురుగును తిన్నాయి. కాబట్టి పక్షి ఆ పని చేయగలదు. కథలోని కుండలో నీళ్లు ఎంతున్నాయో మాత్రం రాసిలేదు. చార్టు చివర ఆ అంకె పాప చేతే రాయించండి.