నా అర్జీ కథ విని, అప్పుడు నామినేషన్ వెయ్

చి॥ భారతికి, మామ ఆశీస్సులు.

బెంగళూరు ఉద్యోగం మానేసి జడ్పీటీసీకి నిలబడతానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో ఏడ్చింది. ఆమెను కసిరి ఫోన్ పెట్టేసినా గానీ రాత్రంతా నాకూ కునుకు లేదు. భయమో, గర్వమో తెల్లారినా తేలలేదు.

నీ కరపత్రం చదివినా. 'పచ్చ జెండా' అని రాసినావు. అమ్మీ, మన జిల్లాలో పచ్చ అంటే జనానికి వేరే పార్టీ గుర్తొస్తుంది, ఆకుపచ్చ అని పూర్తిగా రాయి. నామినేషన్ కాగితాలు వకీలుకు చూపించు. ఖర్చు లెక్క ఏ రోజుది ఆ రోజే రాసుకో. పెన్నలో ఇసుక ట్రాక్టర్ల ఫోటోల కోసం రాత్రిపూట ఒక్కదానివే బండేసుకొని పోవద్దు. ఇది సలహా కాదు, నా మీద ఒట్టు.

అసలు సంగతికి వస్తా. అడవుల్ని, నదుల్ని కాపాడటం, జీవుల మీద దయ చూపడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఏ(జి) అచ్చేయించినావు. బాగుంది. 1976లో ఆ 42వ సవరణే 48ఏ కూడా తెచ్చింది, అడవుల్నీ వన్యప్రాణుల్నీ కాపాడే పని ప్రభుత్వానిది కూడా అని. దాన్ని వదిలేసినావు. నేనూ ఒకప్పుడు అట్లే వదిలేసినా.

1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి పక్షి 1986లో మన లంకమల కొండ కింద దొరికింది కదా. పేపర్లో చదివి నాకు పూనకం వచ్చింది. అప్పటికి ఆ కొండ కిందే ఒక బళ్లో అయివారిని. పిల్లకాయలతో ర్యాలీ తీసినా, కొండమీదికి మేకలు పోకుండా ఆపాలని అర్జీ రాసి ఊరంతా సంతకాలు పెట్టించినా. చేతిరాత బాగుంటుందని నాకు పేరు, ఆ అర్జీ ఇంకా బాగా కుదిరింది. నెల తిరక్కుండానే మేకలు బందెలదొడ్డికి పోవడం మొదలైంది. తలకింత అని జుల్మానా.

మా ఇంటికి ఎప్పుడన్నా చెంబుతో మేకపాలు తెచ్చే తాత ఉండేవాడు. మీ బావకు దగ్గు పట్టినప్పుడు ఆ పాలే పోసింది మీ అత్త. ఆయన మందలో ముప్పై దాకా ఉండేవి. మూడుసార్లు దొడ్డి నుంచి విడిపించుకున్నాడు, నాలుగోసారి బద్వేలు సంతలో అమ్మేసినాడు. ఖాళీ చెంబు తీసుకుపోవడానికి వచ్చి, "సారూ, ఇంగ కొండ బాగుంటాది గదా?" అని అడిగినాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగినాడు. తలకాయ ఊపినా.

ఆ ఏడంతా బడి ముందు నుంచే ఇసుక ట్రాక్టర్లు పోయేవి, దుమ్ముకు పిల్లకాయలు దగ్గేవాళ్లు. అవి ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్ల మీద అర్జీ రాయడానికి నా కలం లేయలేదు. మేకల తాతకు ఎదురు చెప్పే దిక్కులేదు కాబట్టే నాకు అంత ధైర్యం వచ్చిందని ఒప్పుకోవడానికి ఇరవై ఏండ్లు పట్టింది.

ఇంకో సంగతి విను. ఆ పక్షికి చిక్కటి అడవీ పనికిరాదు, బోడినేలా పనికిరాదు. పొదల మధ్య కాస్త ఖాళీ నేల కావాలి. మేకలు అంతో ఇంతో మేస్తేనే ఆ ఖాళీ నిలిచేదని తర్వాత పక్షుల వాళ్లు చెప్పగా విన్నా. 1986లో దాన్ని పట్టి చూపించింది కూడా పెద్ద చదువులాయన కాదు, రాత్రి లైటు పట్టుకొని అడవిలో తిరిగే ఇక్కడి మనిషే.

జర్మనీలో ఆకుపచ్చ పార్టీ 1980లో పుట్టినప్పుడు నాలుగు మాటలు కలిపి పెట్టుకుంది: పర్యావరణం, సామాజిక న్యాయం, కింది నుంచి ప్రజాస్వామ్యం, అహింస. నీ కరపత్రంలో మొదటిది రెండు పేజీలుంది, రెండోది ఒక్క లైను. ఆ లైను సాగదీయి. కట్టెలమోపు ఆమెను తిట్టడం సులువు, ఆమెకు గ్యాసుబండ ధర ఎంతో కనుక్కోవడం నీ పని. నువ్వు మంచిదానివే, తెలుసు. నేనూ మంచోణ్ణే అనుకున్నా. ఆ అనుకోవడమంటేనే నాకు నీ విషయంలో పోలీసులకన్నా ఎక్కువ భయం.

రాగిపిండి, అల్లం పచ్చడి మీ అత్త కట్టి పెట్టింది. బద్వేలు బస్టాండుకు నేనే వస్తా, బస్సెక్కగానే ఫోన్ చెయ్. దిగినాక ఆ తాత కొడుకు ఇంటికి పోదాం. తాత పోయి పదేండ్లు, నేను ఇంతవరకు ఆ గడప తొక్కలేదు. నువ్వు తోడుంటే వస్తా.

మీ మామ