సంతాన సాఫల్య ల్యాబ్ పరికరాల కంపెనీలో పై స్థాయికి దారి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సంతాన సాఫల్య ప్రయోగశాలలకు పరికరాలు తయారుచేసే ఒక విదేశీ కంపెనీ నాయకత్వ బృందం గురించి చదివినప్పటి నుంచి తానూ ఆ రంగంలోనే ఎదగాలంటోంది. డాక్టరు కానివారికి అక్కడ పై స్థాయికి వెళ్లే అవకాశం ఉంటుందా? బీటెక్ కాగానే ఎంబీఏ చేయించమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: డాక్టరు కాకపోవడం ఈ రంగంలో అడ్డంకి కాదండీ. 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ పుట్టడానికి కారకులైన ముగ్గురిలో ప్యాట్రిక్ స్టెప్టో ఒక్కరే వైద్యులు. రాబర్ట్ ఎడ్వర్డ్స్ శాస్త్రవేత్త, జీన్ పర్డీ నర్సుగా శిక్షణ పొందినవారు. ఆ పిండం విభజన చెందుతుండగా సూక్ష్మదర్శినిలో మొదట చూసింది ఆమే. ఆమె పేరు చాలాకాలం మరుగున పడిపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇలాంటి కంపెనీల నాయకత్వంలో ఆర్థిక, అమ్మకాల అధిపతులతో పాటు పరిశోధన, క్వాలిటీ, రెగ్యులేటరీ (ప్రభుత్వ అనుమతుల వ్యవహారాలు), సర్వీస్ విభాగాలను నడిపేవారు ఉంటారు. మీ అమ్మాయి చదువుకు దగ్గరి దారులు ఈ చివరి నాలుగే. అందుకు కారణం ఇంక్యుబేటర్ పనితీరు చూస్తే తెలుస్తుంది. పిండాలను ఉంచే ఆ పెట్టెలో 37 డిగ్రీల వేడి, సాధారణంగా 5 నుంచి 6 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్ నిలకడగా ఉండాలి, కానీ తలుపు తీసిన ప్రతిసారీ ఆ నిలకడ చెదురుతుంది. పైగా తెర మీద 37.0 అని కనిపిస్తున్నంత మాత్రాన డిష్‌లో పిండం ఉండే ద్రవపు చుక్క కూడా అంతే వెచ్చగా ఉందని నమ్మడానికి లేదు, విడిగా ప్రోబ్ పెట్టి కొలిచి తీరాలి. తలుపు తీయకుండానే పిండం ఎదుగుదలను చూడటానికి లోపలే కెమెరా అమర్చిన ఎంబ్రియోస్కోప్ డెన్మార్క్‌లో రూపుదిద్దుకుంది. దాన్ని తయారుచేసిన కంపెనీని 2014లో స్వీడన్‌కు చెందిన విట్రోలైఫ్ కొనుగోలు చేసింది. ల్యాబ్‌లో పనిచేసేవారి ఇబ్బంది తెలియనివారికి అలాంటి పరికరం ఊహకు అందదు.

అందువల్ల వెంటనే ఎంబీఏ వద్దంటాను. మొదటి నాలుగైదేళ్లు సర్వీస్ ఇంజినీరుగానో, క్వాలిటీ విభాగంలోనో పనిచేసి, క్యాలిబ్రేషన్ (పరికరం చూపే కొలత సరిగా ఉందో లేదో సరిచూడటం) స్వయంగా చేసి, ఫిర్యాదు వచ్చిన పరికరాన్ని విప్పి చూసిన తరువాత చేసే ఎంబీఏకు విలువ ఎక్కువ. ఈలోగా వైద్య పరికరాల తయారీలో నాణ్యతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13485ను, పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఎ నుంచి డి వరకు విభజించే మన 2017 వైద్య పరికరాల నియమాలను, 2021 మే నుంచి ఐరోపాలో అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనలను క్షుణ్ణంగా చదవమనండి. రెగ్యులేటరీ పత్రాలు సరిగా లేకపోతే ఎంత గొప్ప పరికరమైనా మార్కెట్‌లోకి రాదు కాబట్టి, ఆ విద్య తెలిసినవారి మాటకు కంపెనీలో బలం ఉంటుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. విదేశీ కంపెనీలు మన దేశంలో ఇచ్చే ఉద్యోగాల్లో అమ్మకాలు, సర్వీసే ఎక్కువ, డిజైన్ తక్కువ. ప్రయాణాలు తప్పవు, ఆదివారం రాత్రి ఇంక్యుబేటర్ అలారం మోగితే అప్పటికప్పుడు స్పందించాల్సి ఉంటుంది. తయారీ వైపు ఆసక్తి ఉంటే విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి ఏర్పాటైన మెడ్‌టెక్ జోన్‌లో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, తలుపు తీసి మూసిన తరువాత ఇంక్యుబేటర్ ఎంతసేపటికి కుదుటపడుతుందో సెన్సర్లతో కొలవమనండి. ప్రాజెక్టు అంశం ఖరారు చేసుకునే ముందు, అనుమతి తీసుకుని ఏదైనా సంతాన సాఫల్య కేంద్రం ల్యాబ్‌లో ఒక పూట గడిపి రానివ్వండి.