కాస్ట్యూమ్ ప్రాప్స్‌తో ఫ్లైట్ ఎక్కుతున్నారా? ఏది చేతిలో, ఏది చెకిన్‌లో

అమెరికా కొత్తగా వచ్చిన మన పిల్లలు ఈమధ్య సినిమా, కామిక్ పాత్రల్లా వేషాలేసుకునే కాస్‌ప్లే కన్వెన్షన్లకనీ, కాలేజీ నాటకాలకనీ, హాలోవీన్‌కనీ వేరే ఊళ్ళకి ఫ్లైట్లో తెగ వెళ్తున్నారు, చాలా సంతోషం, కానీ అందరూ అడిగే ప్రశ్న ఒకటే, అదీ తెల్లారితే ఫ్లైట్ అనగా అడుగుతారు, అన్నా ఈ కత్తి ఫోమ్‌దే కదా, సెక్యూరిటీ దగ్గర ఏమన్నా అంటారా అని. అంటారా అనరా అన్నది ఆ రోజు అక్కడ ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది, అందుకే అనే అవసరమే రాకుండా ప్రాప్స్, అంటే వేషంతో పాటు పట్టుకునే కత్తి, గద లాంటి వస్తువులు, ఎలా సర్దుకోవాలో చెప్తాను.

అది ఫోమ్‌దా, చెక్కదా, త్రీడీ ప్రింట్ చేసిన ప్లాస్టిక్‌దా అన్నది తయారుచేసిన మీకు తెలుసు. ఎక్స్‌రే స్క్రీన్ ముందు కూర్చున్నాయనకి తెలీదు. ఆయనకి ఆకారం కనిపిస్తుంది, లోపల వైర్లుంటే వైర్లు కనిపిస్తాయి, వెనకాలేమో లైను పెరిగిపోతుంటుంది. ఆ కొద్ది సెకన్లలో ఆయనకి అనుమానం వస్తుందా రాదా, నేనైతే ప్రతి వస్తువునీ ఇదొక్క లెక్కతోనే చూస్తాను.

ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ చూసే ప్రభుత్వ సంస్థ టీఎస్ఏ వాళ్ళ సైట్‌లో ఫోమ్ బొమ్మ కత్తి క్యాబిన్‌లోకి తీసుకెళ్ళొచ్చనే ఉంటుంది, లైట్ వెలిగే కత్తి కూడా ఓకే. కానీ చివరి నిర్ణయం చెక్‌పాయింట్‌లో ఉన్న ఆఫీసర్‌దే అని కూడా అక్కడే రాసుంటుంది, మనవాళ్ళు అది చదవరు. మెత్తటి ఫోమ్‌తో, పిల్లల బొమ్మలా రంగురంగులుగా ఉంటే సాధారణంగా వదిలేస్తారు. అదే ఫోమ్‌కి మీరు వారం రోజులు కూర్చుని వెండిరంగు వేసి, తుప్పు మరకలు దిద్ది అచ్చం ఇనుప కత్తిలా చేశారనుకోండి, పనితనం ఎంత బాగుంటే క్యాబిన్‌లోకి తీసుకెళ్ళే ఛాన్సు అంత తగ్గుతుంది. అలాంటిది చెకిన్‌లో వేసెయ్యండి, ఆలోచించకండి.

తుపాకీ విషయంలో మాత్రం బేరాల్లేవు. నిజం తుపాకీలా కనిపించేది ఏదైనా క్యాబిన్‌లోకి రాదు, గొట్టం చివర ఆరెంజ్ ముక్క ఉన్నా రాదు, చెకిన్‌లో వేసుకోవచ్చు. బ్యాగ్‌లో మర్చిపోయి క్యాబిన్‌లోకి తీసుకెళ్ళినా సివిల్ పెనాల్టీ, అంటే జరిమానా, వేసే అధికారం టీఎస్ఏకి ఉంది. ఇక గ్రెనేడ్, డైనమైట్ కట్ట, బాంబు లాంటి ఆకారాలైతే క్యాబిన్, చెకిన్ రెండిట్లోనూ నిషేధం, అది రబ్బరుదైనా సరే. 2019లో డిస్నీ పార్కులో గుండ్రటి బాంబు ఆకారంలో కోక్ బాటిళ్ళు అమ్మితే టీఎస్ఏ మొదట వాటిని కూడా వద్దంది, అవి తాగే డ్రింకు బాటిళ్ళని అందరికీ తెలిసినా, గొడవయ్యాక మళ్ళీ ఆలోచించి ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీ సరుకుకే అలా అయితే మనం ఇంట్లో చేసిన దానికి ఎవరు మాట్లాడతారు చెప్పండి. కాస్ట్యూమ్‌లో గ్రెనేడ్ తప్పనిసరైతే దిగిన ఊళ్ళో కొనుక్కోండి, లేదా అట్టతో అక్కడే చేసుకోండి.

ఇనుప కత్తి, మొద్దు అంచుదైనా, చెకిన్‌లోనే, ఒరలో పెట్టి లేదా మొనకి అట్ట చుట్టి టేపు వెయ్యాలి, ఎందుకంటే బ్యాగ్ తెరిచే మనిషి చెయ్యి తెగకూడదు. విల్లు, బాణాలు చెకిన్. గద లాంటివి కూడా చెకినే, బేస్‌బాల్ బ్యాట్లు, దుడ్డుకర్రలే క్యాబిన్‌లోకి రానివ్వరు కదా. చేతికర్రని స్కాన్ చేసి పంపిస్తారు, కాకపోతే లోపల కత్తి దాచిన కర్ర అయితే కుదరదు.

ఇప్పుడు అసలు తలనొప్పి, లైట్లున్న ప్రాప్స్. ఒక మామూలు మంత్రదండం తీసుకోండి, లోపల పీవీసీ పైపు, పైపులో ఎల్‌ఈడీ స్ట్రిప్, రెండు వైర్లు, టేపు చుట్టిన బ్యాటరీ, చిన్న సర్క్యూట్ బోర్డు. ఇదే స్క్రీన్ మీద ఎలా ఉంటుందో ఊహించుకోండి, రెండు వైపులా మూసేసిన గొట్టం, అందులో వైర్లు, బ్యాటరీ. వాళ్ళకి ట్రైనింగ్‌లో వెతకమని చెప్పేది సరిగ్గా ఇలాంటిదే. అందుకని తయారుచేసేటప్పుడే బ్యాటరీ చేత్తో ఊడొచ్చేలా కనెక్టర్ పెట్టుకోండి, పైపు ఒక మూత తెరుచుకునేలా ఉంచండి, లోపల చూడాలంటే పగలగొట్టాల్సిన అవసరం రాకూడదు. ప్రయాణానికి బ్యాటరీ తీసేసి విడిగా పెట్టుకోండి, ప్రాప్ వెలుగుతున్నప్పుడు తీసిన ఫొటో ఫోన్లో పైనే ఉంచుకోండి.

ఆ తీసిన బ్యాటరీ ఎక్కడ పెట్టాలి అన్నది చాలామంది తిరగేసి చేస్తారు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెకిన్‌లో అస్సలు వెయ్యకూడదు, క్యాబిన్‌లోనే, అగ్ని ప్రమాదం జరిగితే క్యాబిన్‌లో ఆర్పడానికి మనుషులుంటారు కాబట్టి. పరిమితి 100 వాట్ అవర్లు, దానిపైన 160 దాకా అయితే ఎయిర్‌లైన్ అనుమతి ఉండాలి, అదీ రెండే. లెక్క ఈజీ, వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి, 3.7 వోల్టుల 20,000 ఎంఏహెచ్ (20 ఆంపియర్ అవర్లు) పవర్ బ్యాంకు అంటే 74, ఇబ్బంది లేదు. కొసలకి టేపు వేసి ఒక్కోటి ఒక్కో చిన్న కవర్లో పెట్టండి. ఇంకోటి, గేటు దగ్గర చోటు లేదని మీ క్యాబిన్ బ్యాగ్ తీసుకుని కిందకి పంపిస్తామంటే ఆ బ్యాటరీలు తీసి మీ చేతిలో ఉంచుకోవాలి, కాబట్టి పైనే సర్దుకోండి, అడుగున కాదు.

జిగుర్లు, రంగులు, స్ప్రేల సంగతి: స్ప్రే పెయింట్, మండే జిగుర్లు, మండే థిన్నర్లు రెండు బ్యాగుల్లోనూ వద్దు, రిపేరుకి కావాలంటే వెళ్ళిన చోట కొనండి. హెయిర్ స్ప్రే చెకిన్‌లో ఒక్కో డబ్బా 500 మిల్లీలీటర్ల లోపుంటే పర్లేదు. క్యాబిన్‌లో మేకప్ ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న మామూలు రూలే. కత్తెర బ్లేడ్లు రెండూ కలిసే మర దగ్గర్నుంచి 4 అంగుళాల లోపుంటే క్యాబిన్‌కి ఓకే, కుట్టు సూదులు కూడా.

కాస్ట్యూమ్ వేసుకునే ఎయిర్‌పోర్టుకి వెళ్దామని కొందరికి సరదా. నా మాట వినండి, వద్దు. కవచాలు, గొలుసులు, బెల్టులు, ఒత్తు విగ్గు వేసుకుని స్కానర్‌లో నిలబడితే ప్రతి చోటా గుర్తు చూపిస్తుంది, చేత్తో తడిమి చూడక తప్పదు, ఐడీ దగ్గర మాస్కు ఎలాగూ తియ్యాలి. ఎప్పుడైనా తడిమి చూడాల్సి వస్తే ఆడవాళ్ళని ఆడ ఆఫీసరే చూస్తారు, విడిగా గదిలో చెయ్యమని అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. అన్నట్టు 2025 మే 7 నుంచి రియల్ ఐడీ రూలు, అంటే దేశంలోపల ఫ్లైట్లకి కూడా ఫెడరల్ ప్రమాణాలకి తగ్గ ఐడీ చూపించాలన్నది, అమల్లోకి వచ్చింది, ఇంకా డ్రైవింగ్ లైసెన్స్ రానివాళ్ళు ఇండియా పాస్‌పోర్ట్ పెట్టుకుంటే సరిపోతుంది.

టీఎస్ఏ ఒప్పుకుంటే పనైపోయినట్టు కాదు, ఎయిర్‌లైన్ కొలతలు వేరే. ఇక్కడి పెద్ద ఎయిర్‌లైన్లలో ఎక్కువ వాటికి క్యాబిన్ బ్యాగ్ 22, 14, 9 అంగుళాలు, చెకిన్ బ్యాగ్ పొడవు వెడల్పు ఎత్తు కలిపి 62 అంగుళాలు, 50 పౌండ్లు దాటితే అదనంగా కట్టాలి. ఐదడుగుల బల్లెం చేసేవాళ్ళు మొదట్నించీ రెండు మూడు ముక్కలుగా, మరతో బిగించుకునేలా చెయ్యండి. పెట్టెలో ఏది ఎలా సర్దారో ఫొటో తీసి ప్రింటు మూత లోపల అంటించండి, పైన కాస్ట్యూమ్ ప్రాప్స్, నిజం ఆయుధాలు కావు అని ఇంగ్లీషులో పెద్దక్షరాల్లో రాయండి. చెకిన్ బ్యాగ్ మీరు లేనప్పుడు తెరుస్తారు, తెరిచామని ఒక కాగితం పెట్టి వెళ్తారు, ఆ ఫొటో ఉంటే కిరీటం మళ్ళీ అదే చోట పెట్టే అవకాశం ఉంటుంది, లేకపోతే పైన కుక్కేస్తారు. తాళం టీఎస్ఏ గుర్తున్నదే వెయ్యండి, వేరేదైతే కోసేయొచ్చు.

ఆఫీసర్ ఇదేంటి అని అడిగితే కాస్ట్యూమ్ ప్రాప్ అని చెప్పి, ఫొటో చూపించి, ఆయన చెప్పేదాకా బ్యాగ్ ముట్టుకోకుండా నిలబడండి. బాంబు అనే మాట జోకుగా కూడా నోట్లోంచి రాకూడదు, పక్కనున్న ఫ్రెండుతో తెలుగులో కూడా. ఆయన కాదంటే వాదించొద్దు, టైముంటే వెనక్కెళ్ళి చెకిన్ చెయ్యండి, దింపడానికి వచ్చినవాళ్ళుంటే వాళ్ళకిచ్చేయండి, రెండూ కుదరకపోతే వదిలేయాలి, వదిలేసింది మళ్ళీ రాదు. అనుమానమున్న వస్తువు ఫొటో తీసి 275872 నంబరుకి మెసేజ్ పెడితే టీఎస్ఏ వాళ్ళే జవాబిస్తారు, నాలుగు రోజుల ముందే పెట్టండి.

కెనడా వెళ్తుంటే ఇంకో జాగ్రత్త. అచ్చం నిజం తుపాకీలా ఉండే రెప్లికా అక్కడ చట్టం ప్రకారం నిషిద్ధ వస్తువు, చెకిన్‌లో వేసినా బోర్డర్‌లో ఆపుతారు, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్నలన్నీ ఎందుకు, ఇంట్లోనే ఉంచేయండి.

తిరుగు ప్రయాణం మర్చిపోకండి. కన్వెన్షన్‌లో కొన్న ఇనుప బాకు, కొత్త విల్లు ఇవన్నీ వచ్చేటప్పుడు బ్యాగ్‌లో లేవు, క్యాబిన్ బ్యాగ్ ఒక్కటే తెచ్చుకున్నవాళ్ళు ఆదివారం సాయంత్రం ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటారు. అలాంటివి కొంటే ఇంటికి పార్సిల్ చేసుకోండి, ఆదివారం పోస్టాఫీసులు దాదాపు ఉండవు, శనివారం కూడా తొందరగా మూసేస్తారు, కాబట్టి శనివారం పొద్దున్నే ఆ పని చూసుకోండి.