ఒక్క రోజు తప్పితే డైట్ మొత్తం ఎందుకు వదిలేస్తాం?

"డైట్ మొదలుపెడితే పక్కాగా చేస్తాను, కానీ ఒక్క రోజు తప్పినా మొత్తం వదిలేస్తాను, నాకు పట్టుదల లేదా?" అని అడిగారు. మీకు పట్టుదల దండిగా ఉందండీ, పక్కాగా చేయాలన్న పిచ్చే ముంచుతోంది. బద్ధకస్తులు ఈ విషయంలో మీకంటే నయం. మధ్యాహ్నం కాస్త ఎక్కువ తింటే రాత్రి మామూలుగా తిని పడుకుంటారు.

మా అక్కని దగ్గర్నుంచి చూసి చెబుతున్నాను. బరువు తగ్గాలని అనుకున్న మర్నాడే వంటింట్లోకి డిజిటల్ త్రాసు వచ్చింది. నోట్లోకి వెళ్ళే ప్రతిదీ గ్రాముల్లో తూచి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించేది, టార్గెట్ లోపల ఉన్న రోజుకి ఆకుపచ్చ, దాటితే ఎరుపు. ఆ షీట్‌లో ఎరుపు కనబడకూడదని పంతం. కొన్ని వారాలు నిజంగానే కనబడలేదు, బరువూ తగ్గింది, వెటకారాలాడిన మేమందరం నోరు మూసుకున్నాం. తర్వాత ఒకరోజు ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజట, బలవంతం చేస్తే చిన్న కేకు ముక్క తింది. ఇంటికొచ్చి భుజాన బ్యాగు కూడా తీయకుండా షీట్ తెరిచింది. ఆ ముక్క ఎన్ని గ్రాములో తెలీదు, అందులో ఏం వేశారో తెలీదు, గడిలో ఏ నంబరు వేయాలో తెలీదు. "ఒక మూడొందల కేలరీలు వేసెయ్ అక్కా" అన్నాను. "ఉజ్జాయింపుగా వేసేదానికి షీట్ ఎందుకే?" అని లాప్‌టాప్ మూసేసింది. ఆ రాత్రి చిప్స్, ఐస్‌క్రీమ్, పిల్లల బిస్కెట్లు అన్నీ అయిపోయాయి. ఆకలి లేదు, తనే చెప్పింది. "ఎలాగూ పోయిందిగా, సోమవారం నుంచి ఫ్రెష్‌గా మొదలుపెడతా" అంది. ఆ రోజు మంగళవారం!

నిండా మునిగాక చలేంటి అన్న లెక్క ఇది. 1975లోనే హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మామూలుగా తినేవాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు, ఎప్పుడూ తిండికి కట్టడి పెట్టుకునేవాళ్ళు మాత్రం తాగాకే ఎక్కువ లాగించారు. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు, కేకు ముక్క అందులో ఏ మూలకి? మంగళవారం రాత్రి నుంచి ఆదివారం దాకా తిన్నదే ఒంటికి పట్టింది. పైగా మర్నాడు పొద్దున్నే బరువు చూసుకుని గుండెలు బాదుకోవడం ఒకటి. పిండిపదార్థాలు ఎక్కువ తింటే ఒంట్లో గ్లైకోజెన్ (ఒళ్ళు తర్వాత వాడుకోవడానికి దాచుకునే చక్కెర) నిల్వ పెరుగుతుంది, దాని ఒక్కో గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. ఉప్పు ఎక్కువైనా నీరే. రాత్రికి రాత్రి పెరిగిన కిలో చూసి డైట్ మానేసేవాళ్ళని ఏమనాలి?

అయినా ఇంత తూచి ఏం లాభమండీ, అమెరికాలో ప్యాకెట్ మీద వేసిన కేలరీల కంటే అసలువి 20 శాతం దాకా ఎక్కువున్నా రూల్స్ ఒప్పుకుంటాయి. రోజుకి 10,000 అడుగులన్న నంబరు కూడా 1965లో జపాన్‌లో అమ్మిన, అడుగులు లెక్కపెట్టే ఒక మీటరు పేరు నుంచి పాకింది, ఏ డాక్టరూ కొలిచి చెప్పింది కాదు. 9,400 దగ్గర ఆగితే రోజంతా దండగ అన్నట్టు రాత్రి పదకొండింటికి హాల్లో గిరగిరా తిరిగే మనిషి మా ఇంట్లోనే ఉన్నారు, పేరు చెబితే గొడవ. ఇక ఒక్క రోజు తప్పగానే లెక్కని సున్నాకి తెచ్చేసే యాప్‌లు చేసినవాళ్ళని ఏమన్నా తక్కువే. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు అలవాట్ల మీద చేసిన పరిశోధనలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, మధ్యలో ఒకసారి తప్పినా పెద్ద తేడా రాలేదు. మరి యాప్ ఎందుకు సున్నా చేస్తుంది?

మీరు ముందు సోమవారాన్ని వదిలేయండి. తప్పిన పూట తర్వాతి పూటే మామూలుగా తినండి, అక్క కూడా ఇప్పుడు అలాగే చేస్తోంది, షీట్‌లో రంగులు తీసేసింది, తెలియనిచోట ఉజ్జాయింపు నంబరు వేసి ఊరుకుంటోంది. తగ్గడం నెమ్మదించింది కానీ ఆగలేదు. ఎక్కువ తిన్న మర్నాడు పస్తుండి లెక్క సరిచేద్దామని మాత్రం చూడకండి, సాయంత్రానికి ఆకలికి ఆగలేక మళ్ళీ అదే తంతు. తిన్నది బలవంతంగా కక్కేయాలనిపించే దాకా వస్తే ఇక్కడ అడక్కుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.