టెక్ సందేహాలు: ముఖం కనిపించకపోతే సరిపోతుందా?

ఈ మధ్య ఒకే సందేహం నాలుగుసార్లు వచ్చింది. రెండు నల్గొండ నుంచి, ఒకటి మిర్యాలగూడ నుంచి, ఒకటి జడ్చర్ల నుంచి. పేర్లు వాళ్లు రాయలేదు, నేనూ అడగలేదు. నాలుగూ కలిపి ఒకే ప్రశ్నగా వేస్తున్నాను.

ప్రశ్న: పాదాలు, పట్టీలు, గోరింటాకు పెట్టిన చేతులు, ఇలాంటి చిన్న వీడియోలను ఇష్టపడి కొనేవాళ్లు ఉంటారని, విదేశాల్లో వాటికి ప్రత్యేకంగా సైట్లున్నాయని తెలిసింది. ముఖం చూపించను. బట్టలు తీసేది లేదు. సొంతంగా తీసి అమ్ముదామనుకుంటున్నా. ఏ కెమెరా, ఏ లైటు కొనాలి? ఇంట్లో, ఊళ్లో ఎవరికీ తెలియకుండా నడుస్తుందా?

జవాబు: కెమెరా ఏదీ కొనకండి. చేతిలో ఉన్న ఫోన్ చాలు, పొద్దుటి పూట కిటికీ వెలుతురు చాలు. రింగ్ లైటు కొన్నవాళ్ల ఇళ్లలో అది ఆరు నెలలకు బట్టలు ఆరేసుకునే స్టాండ్ అయిపోవడం చూశాను. అసలు ప్రశ్న మీరు చివర్లో అడిగిందే.

ముందు చట్టం. మీరు చెప్పిన వీడియోలను ఫెటిష్ వీడియోలంటారు. ఫెటిష్ అంటే ఒక వస్తువు మీదో, శరీరంలో ఒక భాగం మీదో ఉండే ప్రత్యేకమైన ఆకర్షణ. పాదాలే కాదు, బూట్లు, చేతి తొడుగులు, చివరికి బెలూన్ల మీద కూడా ఉంటుంది. బట్టలు తీయనంత మాత్రాన చట్టం పట్టించుకోదని మాత్రం అనుకోకండి. ఐటీ చట్టం (సమాచార సాంకేతిక చట్టం) 67వ సెక్షన్ ప్రకారం కామాన్ని రెచ్చగొట్టే అశ్లీల దృశ్యాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా, పంపినా మొదటిసారి 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. లైంగిక చర్య ఉంటే 67ఏ వర్తిస్తుంది. అది 5 ఏళ్లు, 10 లక్షలు. అశ్లీలతను నేటి సమాజపు ప్రమాణాలతో, మొత్తం సందర్భాన్ని చూసి తేల్చాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అంటే గీత ఎక్కడుందో ముందే కొలిచి చెప్పే టేపు ఎవరి దగ్గరా లేదు. పట్టీల వీడియో గీతకు ఇవతలే ఉండొచ్చు, దానికి మీరు పెట్టిన శీర్షిక అవతలికి తోసేయొచ్చు. సర్వర్ అమెరికాలో ఉందన్న ధైర్యం పనికిరాదు, అప్‌లోడ్ చేసింది నల్గొండలో కూర్చుని కదా. మొదలుపెట్టే ముందు ఒక వకీలుకు ఫీజు ఇచ్చి అడగండి. లైటు కొనే డబ్బులు దానికి పెట్టండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరు పెట్టారు?

నలుగురిలో ముగ్గురిని తిరిగి ఇదే అడిగాను. ముగ్గురిదీ ఒకే జవాబు: ఫోన్ కొన్నప్పుడు షాపులో అబ్బాయి పెట్టిచ్చాడు. "అక్కా, పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే పెట్టిన, మంచిగ యాదుంటది" అని ఉంటాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు, వెనక పది మంది కస్టమర్లు నిలబడి ఉన్నారు. కానీ ఆ పాస్‌వర్డ్ అతనికి తెలుసు, మీ నంబర్ తెలిసిన ప్రతివాళ్లూ ఊహించగలరు. రికవరీ నంబర్ ఎవరిది? ఒకామె చూసి చెప్పారు, వాళ్ల మరిదిది. ఫోన్ కొనడానికి వెంట వెళ్లింది ఆయనే. ఆ ఖాతాకే గ్యాలరీ మొత్తం తనంతట తాను క్లౌడ్‌లోకి ఎక్కుతోంది. అంటే మీరు గది తలుపు గడియ వేసుకుని తీసిన వీడియో, తలుపు తీసేలోపే ఇంకో చోట ఉంటుంది. ఆ ఇంకో చోటి తాళం మరిది నంబర్‌కు వచ్చే ఓటీపీ. పిల్లల ట్యాబ్‌లో, పాత ఫోన్‌లో అదే ఖాతా ఉంటే వాటిలోనూ ఉంటుంది.

తప్పు వాడేవాళ్లది మాత్రమే అంటే నేను ఒప్పుకోను. బ్యాకప్ అన్న బటన్‌ను నీలం రంగులో అరచేయంత పెట్టి, "వద్దు" అన్నదాన్ని బూడిద రంగులో చీమంత పెట్టేది ఎవరు? అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న మళ్లీ అడిగి, విసుగులో ఒక్కసారి నొక్కితే చాలన్నట్టు కాచుకుని ఉండేది ఎవరు? పైగా "జ్ఞాపకాలు" ఒకటి. మనం అడగకుండానే ఫొటోలు ఏరి, పాట కలిపి చూపిస్తుంది. మా ఇంట్లో బోనాలనాడు చుట్టాలందరూ అన్నాలు తిని హాల్లో కూర్చుంటే, స్మార్ట్ టీవీ ఖాళీగా ఉండలేక నా గ్యాలరీలోంచి బొమ్మలు తిప్పడం మొదలుపెట్టింది. మనవరాలి పుట్టినరోజు, నాగార్జునసాగర్ గేట్లు, ఆ తర్వాత నా పైల్స్ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం. 43 అంగుళాల్లో. మా బావ అక్షరం అక్షరం చదివాడు. నాది కాగితం కాబట్టి నవ్వుతో పోయింది.

కాబట్టి ఈ పనికి ఫోన్ వేరు, ఖాతా వేరు, సిమ్ వేరు. పాతదైనా పర్వాలేదు గానీ, ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే ఫోనై ఉండాలి. ఖాతా మీ చేతులతో మీరే పెట్టుకోండి. సిమ్ ఎందుకంటే, రోజూ వాడే నంబర్‌తో కొత్త పేరు మీద సోషల్ మీడియా ఖాతా తెరిస్తే, మీ నంబర్ సేవ్ చేసుకున్న మేనత్తకు "మీకు తెలిసినవారు కావచ్చు" అని ఆ ఖాతాను చూపించే తెలివి వాటికి ఉంది. కాంటాక్టుల అనుమతి అడిగితే ఇవ్వకండి.

వీడియో ఫైల్ కూడా మాట్లాడుతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు ఫైల్ లోపలే రాసుకుంటుంది. పెద్ద సైట్లు చాలావరకు ఆ వివరాలు తీసేస్తాయి, కానీ కొనేవాడికి నేరుగా మెయిల్‌లోనో, మెసేజింగ్ యాప్‌లో డాక్యుమెంట్‌గానో పంపితే అలాగే వెళ్తాయి. లొకేషన్ ఆపేసి తీయండి. కంప్యూటర్ ఉంటే ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ లోపల ఏం రాసి ఉందో చూపిస్తుంది. అది చూపించనిది మీ చెవి పట్టాలి. ఒకరు నమూనా పంపి "ఇందులో ఏమన్నా తెలుస్తోందా" అని అడిగారు. దృశ్యంలో ఏమీ లేదు. వెనక మాత్రం బస్టాండ్ మైకులో దేవరకొండ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో స్పష్టంగా వినిపిస్తోంది. ధ్వని తీసేయండి. గాజుల చప్పుడే కావాలంటే విడిగా రికార్డు చేసి కలపండి.

చేతుల వీడియోలు తీసేవాళ్లకు ఇంకో మాట. 2014లో జర్మనీలో ఒక హ్యాకర్ అప్పటి రక్షణ మంత్రి ఉర్సులా వాన్ డెర్ లెయెన్ బొటనవేలి ముద్రను మామూలు కెమెరాలతో తీసిన ఫొటోల నుంచే తయారుచేసి చూపించాడు. అది జర్మనీ కదా అనకండి. 2018లో మన తెలంగాణలోనే రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. వేలి కొనలు కెమెరాకు దగ్గరగా, ఫోకస్‌లో, మంచి వెలుగులో పెట్టకండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్రలు వాడకుండా ఆపే తాళం) ఉంటుంది, వేసుకోండి. ఈ పని చేయనివాళ్లూ వేసుకోండి.

సైట్ గుర్తింపు కార్డు అడుగుతుంది. అడగాలి కూడా. కార్డు చెల్లింపుల సంస్థలు 2021లో నిబంధనలు బిగించాక, వీడియోలో కనిపించే ప్రతి ఒక్కరి వయసు రుజువు, ఒప్పుకోలు లేకుండా పేరున్న సైట్లు తీసుకోవడం లేదు. అడగని సైట్ అయితే అక్కడి నుంచి వచ్చేయండి. ఆధార్ బదులు పాస్‌పోర్టు ఇవ్వండి. కానీ ఆ కాపీ సైట్‌లో అప్‌లోడ్ చేసే పేజీకి తప్ప, "నేను మేనేజర్‌ని, నీ ఖాతా నేను నడిపిస్తా" అని మెసేజ్ పెట్టేవాడికి కాదు. వాడు మొదట రిజిస్ట్రేషన్ ఫీజు అంటాడు, తర్వాత వెరిఫికేషన్ కోసం ముఖం కనిపించేలా ఒక వీడియో అంటాడు, ఆ తర్వాత మీ అన్నయ్య ఫేస్‌బుక్ ఖాతా లింకు మీకే పంపుతాడు. అక్కడిదాకా వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, మెసేజ్‌లు చెరిపేయకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డబ్బు సైట్ ద్వారానే రావాలి. కమీషన్ మిగుల్చుకుందామని యూపీఐ ఇస్తే, పంపేవాడికి బ్యాంకులో ఉన్న మీ అసలు పేరు కనిపిస్తుంది. చాలా యాప్‌లలో యూపీఐ ఐడీ మీ ఫోన్ నంబరే. ముఖం దాచి, పేరూ నంబరూ మీరే రాసిచ్చినట్టు. వచ్చిన డబ్బు ఆదాయపు పన్ను రిటర్నులో చూపించండి. విదేశాల నుంచి వచ్చేదాన్ని బ్యాంకు దేనికోసమని అడుగుతుంది.

మన రాష్ట్రంలో కనిపించకుండా బ్లాక్ చేసే సెట్టింగ్ కొన్ని సైట్లలో ఉంటుంది. పెట్టుకోండి, కానీ అది తడిక, తలుపు కాదు. వీపీఎన్ (వేరే చోట ఉన్నట్టు చూపించే యాప్) ఉన్నవాడు దాటేస్తాడు. దొంగ కాపీలు వస్తే అమెరికా కాపీరైట్ చట్టం కింద తీసేయమని నోటీసు ఇవ్వొచ్చు, అయితే అందులో అసలు పేరు, చిరునామా రాయాలి. అవి దొంగిలించినవాడికీ చేరొచ్చు. నోటీసు మీ సైట్ తరఫున గానీ వకీలు తరఫున గానీ వెళ్లేలా చూసుకోండి.

ఇంత చెప్పాక కూడా "ఎవరికీ తెలియకుండా" అన్నదానికి నేను హామీ ఇవ్వను. ఒకవేళ తెలిస్తే ఇంట్లో నిలబడి మాట్లాడగలరా అన్నది ఫోన్ సెట్టింగ్స్‌లో దొరకదు.

ప్రశ్న: వీడియోలో అడ్డంగా నల్లటి చారలు పాకుతున్నాయి. ఫోన్ పాడైందా? (సూర్యాపేట)

జవాబు: ఫోన్‌కు ఏమీ కాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. మీ ఫోన్ సెకనుకు 30 ఫ్రేములతో, ఇష్టం వచ్చిన షట్టర్‌తో (ఒక్కో ఫ్రేముకు వెలుగు లోపలికి వచ్చే సమయం) తీస్తోంది. రెండింటికీ పొంతన కుదరక చారలు పడతాయి. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, ఉంటే 25 ఫ్రేములు ఎంచుకోండి. లేదంటే బల్బు ఆపి కిటికీ తెరవండి.

ప్రశ్న: మా ఆవిడకు చెప్పకుండా ఆమె పాదాలు మాత్రమే తీసి అమ్మితే నేరమా? ఎలాగూ ముఖం రాదు. (నాగర్‌కర్నూల్)

జవాబు: ఏ సెక్షనో వెతికే ముందు ఆమెను అడగండి. అడగలేకపోతున్నారంటే జవాబు మీకు ముందే తెలుసు. ఏ పేరున్న సైటూ ఆమె కార్డు, ఆమె సంతకం లేకుండా ఆ వీడియో తీసుకోదు. ఆ సంతకం మీరే పెట్టేద్దామనుకుంటే అది ఫోర్జరీ. మీకు ఇంకే సాంకేతిక సలహా ఇవ్వను.

ప్రశ్న: అలాంటి క్లిప్పులు కొన్ని తీసి డిలీట్ చేశాను. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఫోన్ మహబూబ్‌నగర్‌లో ఎక్స్‌ఛేంజ్‌కు ఇచ్చాను. కొన్నవాళ్లు తిరిగి తీయగలరా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆండ్రాయిడ్ 10తోనో, ఆ తర్వాతి వెర్షన్‌తోనో విడుదలైన ఫోన్ అయితే లోపలి మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. రీసెట్ కొట్టగానే దాని తాళంచెవి పోతుంది. షాపులో దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌కు అది చెత్తలా కనిపిస్తుంది, ప్రశాంతంగా ఉండండి. క్లౌడ్‌లో ఉన్నవి మాత్రం రీసెట్‌తో పోవు. ఖాతాలోకి వెళ్లి ట్రాష్‌తో సహా ఖాళీ చేయండి, పరికరాల జాబితాలోంచి పాత ఫోన్‌ను తీసేయండి. ఇంకొకటి. ఆ ఫోన్‌లో మెమరీ కార్డు వేసేవారా? మామూలుగా కార్డు ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు, రీసెట్ దాన్ని ముట్టుకోదు, డిలీట్ చేసినవి తేలిగ్గా తిరిగొస్తాయి. ఎక్స్‌ఛేంజ్‌కు ఇచ్చేటప్పుడు సిమ్ తీసుకున్నారు సరే, పక్క గాడిలో కార్డు తీశారా?